ఎట్టోరే మయోరానా

ఎట్టోరే మయోరానా (జననం: 1906 ఆగష్టు 5 - అదృశ్యం: 1938 మార్చి) ఇటలీ దేశానికి చెందిన ప్రముఖ సైద్ధాంతిక భౌతిక శాస్త్రవేత్త. తనకు తానే ప్రతికణము కాగల కణములు ప్రకృతిలో ఉండుటకు అవకాశమున్నదని 1937లో గణితపరంగా నిరూపించాడు. అట్టి కణములను నేడు మయోరానా ఫెర్మియానులు అని పిలుస్తున్నారు. ఈ భావన మొదట న్యూట్రినోల అధ్యయనానికి, తరువాత లోహము మరియు అతివాహకము కలిసే చోట ఎలక్ట్రానులు ఎట్లు పరిక్షేపణ చెందుతాయన్న అధ్యయనానికి ఆధారమైనది. కేంద్రక భౌతిక శాస్త్రంలో కూడా ఇతని కృషి విశిష్టమైనది. ముప్పదియొకటవ ఏట ఓడ ప్రయాణానికి వెళ్ళి అదృశ్యమైన ఇతని ఆచూకీ కుటుంబానికి ఎన్నడూ తెలియలేదు. ఇటలీ భాషలో ఈ ఇంటిపేరును "మయోరానా" అని పలుకుతారు.

బాల్యము, విద్యాభ్యాసము

మయోరానా సిసిలీ ద్వీపంలోని కటానియా నగరంలో జన్మించాడు. తండ్రి ఫాబియో మాసిమో ఇంజనీరు. తల్లి డొరీనా కోర్సో. ఐదుగురు సంతానంలో ఇతడు నాలుగవవాడు. తాత సాల్వతోరే మయోరానా ఇటలీ ప్రభుత్వంలో వ్యవసాయ శాఖామాత్యునిగా పనిచేశాడు. పెదతండ్రి అయిన క్విరీనో మయోరానా ప్రయోగాత్మక భౌతిక శాస్త్రంలో పేరొందిన ఆచార్యుడు. ఇట్టి విద్యావంతుల కుటుంబంలో పుట్టిన ఎట్టోరే చిన్ననాడే పెద్ద పెద్ద సంఖ్యల గుణకారాలను, వర్గమూలాలను నోటిలెక్కగా చేసేవాడు. ఇంటికి వచ్చిన అతిథులు లెక్క అడిగితే, సిగ్గుతో బల్ల క్రింద దూరి అక్కడినుండి జవాబు చెప్పేవాడట. పదిమందిలో నిలబడుటకు ఇష్టపడని ఈ స్వభావము జీవితాంతము అతనిని వీడలేదు.

పాఠశాల విద్యలో కొంత భాగము రోము నగరంలోని జెస్యూట్ విద్యాలయంలో సాగింది. 1923లో రోము విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు కోర్సులో చేరాడు. అక్కడ అతని సహాధ్యాయి ఎమీలియో సెగ్రే. సెగ్రే తాను భౌతిక శాస్త్రానికి మారిన పిమ్మట మయోరానాను కూడా మారవలసిందిగా ప్రోత్సహించాడు. ఆ కాలంలో రోము విశ్వవిద్యాలయపు భౌతిక శాస్త్ర సంస్థ పానిస్పెర్నా వీధిలో ఉండేది. దాని అధిపతి ఓర్సో మారియో కోర్బినో. యువకుడైన ఎన్రికో ఫెర్మీ అక్కడ సైద్ధాంతిక భౌతిక శాస్త్ర ఆచార్యునిగా నియమితుడై ఉన్నాడు.

మయోరానా మొదటిసారి ఫెర్మీని కలిసిన సందర్భము ప్రసిద్ధమైనది. పరమాణువులోని ఎలక్ట్రానుల విస్తరణను తెలిపే ఒక అవకలన సమీకరణాన్ని ఫెర్మీ అప్పుడు సంఖ్యాపద్ధతిలో సాధించి, ఫలితాలను ఒక పట్టికగా తయారు చేసుకున్నాడు. మయోరానా ఆ పట్టికను ఒకసారి చూచి, ఏమీ మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. మరునాడు తిరిగివచ్చి, తాను స్వయంగా గణించి తెచ్చిన విలువలను ఫెర్మీ పట్టికతో సరిపోల్చాడు. రెండూ సరిపోవడంతో ఫెర్మీ పట్టిక సరియైనదేనని తేల్చాడు. గురువు శిష్యుని పరీక్షించవలసిన చోట శిష్యుడే గురువును పరీక్షించినట్లయింది. అటుపిమ్మట భౌతిక శాస్త్రానికి మారి, 1929 జూలైలో రేడియోధార్మిక కేంద్రకాల క్వాంటమ్ సిద్ధాంతంపై వ్రాసిన పరిశోధనా వ్యాసంతో అత్యున్నత శ్రేణిలో పట్టభద్రుడైనాడు.

పానిస్పెర్నా వీధి బృందము

ఫెర్మీ, రాసెట్టి, సెగ్రే, అమాల్డి, పాంటెకోర్వో మొదలైనవారున్న ఈ బృందము శాస్త్ర చరిత్రలో పానిస్పెర్నా వీధి కుర్రాళ్ళు అన్న పేరుతో ప్రసిద్ధి పొందింది. వీరు ఒకరికొకరు మతాధికారుల పేర్లను ముద్దుపేర్లుగా పెట్టుకున్నారు. తప్పు చేయడని నమ్మకమున్న ఫెర్మీకి పోపు అన్న పేరు వచ్చింది. ఇతరుల వాదనలోని లోపాలను నిర్దాక్షిణ్యంగా ఎత్తిచూపే మయోరానాకు మహా విచారణాధికారి అన్న పేరు వచ్చింది. ఇతరులకంటే తన పనినే ఇతడు మరింత కఠినంగా విమర్శించుకొనేవాడు.

మయోరానా తనకు తోచిన గణితాన్ని సిగరెట్ పెట్టెలపై వ్రాసి, మిత్రులకు వివరించి, ఆ పెట్టెను చెత్తబుట్టలో పారవేసేవాడని అతనితో పనిచేసినవారు చెప్పుకున్నారు. ప్రచురణ పట్ల ఆసక్తి లేకపోవడం వలన జీవితకాలంలో కేవలం తొమ్మిది పరిశోధనా పత్రాలను మాత్రమే ప్రకటించాడు. అయినను వాటిలో పలు పత్రాలు కాలానికి ముందున్నవిగా తరువాత గుర్తింపు పొందినవి. మారుతున్న అయస్కాంత క్షేత్రంలో పరమాణువుల స్పిన్ ఎట్లు తిరగబడుతుందో 1932లో ఇతడు వివరించాడు. అతిశీతల పరమాణువులను అయస్కాంత బోనులలో బంధించే ప్రయోగాలలో పరమాణువులు జారిపోవుటను నేటికీ మయోరానా నష్టము అంటారు.

కేంద్రక సిద్ధాంతము

1932 ఆరంభంలో ఫ్రాన్సు దేశంలో జోలియో-క్యూరీ దంపతులు ఒక వింత వికిరణాన్ని గమనించి, అది గామా కిరణమని భావించారు. ఆ వార్త చదివిన వెంటనే, వారు ఆవేశము లేని ప్రోటానును చూచియు గుర్తించలేకపోయారని మయోరానా మిత్రులతో అన్నట్లు సెగ్రే, అమాల్డి తెలియజేశారు. అదే సంవత్సరంలో ఇంగ్లండులో ఛాడ్విక్ న్యూట్రానును కనుగొన్నాడు.

ప్రోటానులు, న్యూట్రానులతో కేంద్రకము ఎట్లు నిలిచియుంటుందో తెలిపే సిద్ధాంతాన్ని కూడా మయోరానా ఆనాడే రూపొందించాడు. ప్రచురించమని ఫెర్మీ ఎంత చెప్పినా వినలేదు. ఇంతలో జర్మనీలో వెర్నర్ హైసెన్‌బర్గ్ ఇటువంటి సిద్ధాంతాన్నే ప్రకటించాడు. ఇరువురి సిద్ధాంతాలకు ఒక ముఖ్యమైన తేడా ఉన్నది. హైసెన్‌బర్గ్ రూపంలో ప్రోటాను, న్యూట్రాను జంట అయిన డ్యూటిరాను వద్దనే బంధము సంతృప్తి చెందవలసి వస్తుంది. మయోరానా రూపంలో కణములు స్థానాలను మాత్రమే మార్చుకొంటాయి, స్పిన్‌లను మార్చుకోవు. అందువలన రెండు ప్రోటానులు, రెండు న్యూట్రానులు గల హీలియం కేంద్రకము వద్ద బంధము సంతృప్తి చెందుతుంది. ఆల్ఫా కణము అంత దృఢమైనదిగా ఉండుటకు కారణము ఈ విధంగా తెలియవచ్చింది.

1933 జనవరిలో జాతీయ పరిశోధన మండలి ఇచ్చిన ఆర్థిక సహాయంతో మయోరానా లైప్‌జిగ్ వెళ్ళి హైసెన్‌బర్గ్ వద్ద పనిచేశాడు. హైసెన్‌బర్గ్ ప్రోత్సాహం వలననే తన కేంద్రక సిద్ధాంతాన్ని జర్మన్ భాషలో ప్రచురించాడు. కోపెన్‌హాగెన్‌లో నీల్స్ బోర్ సంస్థను కూడా సందర్శించాడు.

ఏకాంతవాసము

1933లో రోముకు తిరిగివచ్చిన తరువాత మయోరానా ఆరోగ్యము క్షీణించింది. ఉదరవ్యాధితో బాధపడ్డాడు. 1934లో తండ్రి మరణించాడు. సంస్థకు వెళ్ళుట క్రమంగా మానివేసి, ఇంటిలోనే ఒంటరిగా గడిపాడు. ఫెర్మీ బృందము నెమ్మది న్యూట్రానుల ప్రభావాన్ని కనుగొని ప్రపంచ ఖ్యాతి పొందిన 1934లో అతడు వారితో లేడు. ఇంచుమించు నాలుగు సంవత్సరాలు ఏమియు ప్రచురించలేదు. అయితే ఈ కాలంలో చదువు మానలేదని, భౌతిక శాస్త్రంతో పాటు తత్త్వశాస్త్రము మొదలగు విషయాలను అధ్యయనము చేశాడని తెలియుచున్నది.

1937 నాటి సిద్ధాంతము

1928లో పాల్ డిరాక్ ఎలక్ట్రానుకు ఇచ్చిన సమీకరణంలో సంకీర్ణ సంఖ్యలు ఉన్నాయి. దాని సాధనకు సంయుగ్మము వేరుగా ఉంటుంది. భౌతిక భాషలో చెప్పవలెనన్న, కణము వేరు, ప్రతికణము వేరు. ఎలక్ట్రానుకు ప్రతికణమైన పాజిట్రాను 1932లో ప్రయోగంలో కనిపించింది. మయోరానా డిరాక్ సమీకరణంలోని మాత్రికలను వేరొక విధంగా ఎన్నుకొని, సమీకరణము మొత్తము వాస్తవ సంఖ్యలతోనే ఉండునట్లు చేశాడు. ఒక సంఖ్య వాస్తవమైనదైతే దాని సంయుగ్మము అదే సంఖ్య కదా! అట్లే, వాస్తవ సాధన గల కణమునకు ప్రతికణము ఆ కణమే అవుతుంది.

ఆవేశము గల కణమునకు ఇది సాధ్యము కాదు. ఎలక్ట్రాను ఋణావేశము కలది, పాజిట్రాను ధనావేశము కలది. రెండూ ఒకటి కాజాలవు. కనుక ఆవేశరహిత కణములకు మాత్రమే ఈ అవకాశమున్నది. న్యూట్రినో అట్టిదా కాదా అన్న ప్రశ్నకు ఇప్పటికీ సమాధానము దొరకలేదు. న్యూట్రినోలు వెలువడని ద్వంద్వ బీటా క్షయాన్ని చూడగలిగితే ఈ ప్రశ్న తేలుతుంది. దానికై ఇటలీలోని గ్రాన్ సాస్సో పర్వతము క్రింది ప్రయోగశాలలోను, ఇతర దేశాలలోను అన్వేషణ సాగుచున్నది.

నేపుల్స్ ఆచార్య పదవి

1937లో పలెర్మో విశ్వవిద్యాలయంలో సైద్ధాంతిక భౌతిక శాస్త్ర పీఠానికి పోటీ జరిగింది. వీక్, రాకా, జెంటీలే అభ్యర్థులుగా ఉండగా, ఎవరూ ఊహించని విధంగా మయోరానా కూడా దరఖాస్తు చేశాడు. ఇతని ప్రతిభ దృష్ట్యా పోటీతో నిమిత్తము లేకుండా ప్రత్యేక నియమము క్రింద నేపుల్స్ విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి ఇవ్వబడినది. 1938 జనవరి 13న తన మొదటి ఉపన్యాసాన్ని ఇచ్చాడు. విద్యార్థులు కొద్దిమందే. అయినా ప్రతి పాఠానికి శ్రద్ధగా వ్రాసుకొన్న ఉపన్యాస ప్రతులు చాలావరకు భద్రపరచబడినవి.

అదృశ్యము

1938 మార్చి 25 రాత్రి మయోరానా నేపుల్స్ నుండి పలెర్మోకు వెళ్ళే ఓడ ఎక్కాడు. బయలుదేరే ముందు భౌతిక శాస్త్ర సంస్థ అధిపతి ఆంటోనియో కర్రెల్లికి ఒక ఉత్తరము వ్రాశాడు. తాను తీసుకొన్న నిర్ణయము తప్పనిసరియైనదని, దానివలన కలుగు ఇబ్బందికి మన్నించమని అందులో కోరాడు. హోటలు గదిలో కుటుంబానికి మరొక లేఖను ఉంచాడు. అందులో తనకై సంతాప వస్త్రములు ధరించదలచినచో మూడు దినములకు మించి ధరించవద్దని కోరాడు.

మరునాడు పలెర్మో నుండి కర్రెల్లికి తంతి వచ్చింది. మొదటి ఉత్తరాన్ని పట్టించుకోవద్దని దాని సారాంశము. ఉత్తరము కంటే తంతియే ముందు అందడంతో కర్రెల్లికి మొదట ఏమియు అర్థము కాలేదు. వెనువెంటనే పలెర్మో నుండి వ్రాసిన రెండవ ఉత్తరము కూడా వచ్చింది. తాను నేపుల్స్‌కు తిరిగివస్తున్నానని, అయితే బోధన విరమించదలచానని అందులో తెలిపాడు. కాని అతడు తిరిగి రాలేదు.

కుటుంబ సభ్యులు పత్రికలలో ప్రకటనలు ఇచ్చి బహుమతి కూడా ప్రకటించారు. తల్లి ముస్సోలినీకి విన్నపము పంపింది. ఫెర్మీ కూడా మయోరానా అసాధారణ ప్రతిభను వివరిస్తూ, గాలింపు ముమ్మరము చేయమని కోరుతూ లేఖ వ్రాశాడు. ఎక్కడా ఆచూకీ లభించలేదు, శవము కూడా దొరకలేదు.

ఆత్మహత్య చేసుకున్నాడని, మఠంలో చేరాడని, దక్షిణ అమెరికాకు వెళ్ళాడని పలు వాదాలు ఉన్నాయి. అతడు అణుశక్తి వినాశనాన్ని ముందే ఊహించి లోకమునకు దూరమైనాడన్న భావనను 1975లో రచయిత లెయొనార్దో షాషా ఒక పుస్తకంలో ప్రతిపాదించాడు. అయితే యురేనియం విచ్ఛిత్తిని కనుగొన్నది 1938 డిసెంబరులో, అనగా మయోరానా అదృశ్యమైన తొమ్మిది మాసాల తరువాత. రోము నగర న్యాయాధికారులు 2011లో విచారణ తిరిగి ప్రారంభించారు. 1955 - 1959 మధ్య అతడు వెనిజులా దేశంలోని వలెన్సియాలో సజీవుడై ఉన్నాడన్న నిర్ధారణతో 2015లో విచారణ ముగించారు. ఈ నిర్ధారణను చరిత్రకారులందరూ అంగీకరించలేదు.

లోహ-అతివాహక సరిహద్దు వద్ద మయోరానా క్వాసీ కణములు

మయోరానా పేరు అతివాహకాల అధ్యయనంలో వినబడుటకు కారణము క్వాసీ కణము అన్న భావన. తిరునాళ్ళ రద్దీలో ఒక మనిషి ముందుకు కదిలితే చుట్టూ ఉన్నవారందరూ సర్దుకొనవలసి వస్తుంది. ఆ మనిషిని, అతని చుట్టూ జరిగిన సర్దుబాటును కలిపి ఒకే కదలికగా లెక్కించవచ్చు. ఘనపదార్థంలో అసంఖ్యాకమైన ఎలక్ట్రానుల మధ్య జరిగే ఇటువంటి సామూహిక కదలికనే క్వాసీ కణము అంటారు. ఇది పదార్థము లోపల మాత్రమే ఉంటుంది, బయటకు తీయుటకు వీలుకాదు.

అతివాహకంలో ఎలక్ట్రానులు కూపర్ జంటలుగా ఉంటాయి. ఒంటరి ఎలక్ట్రానుకు కొంత శక్తి అంతరము వరకు అందులో చోటు లేదు. మరి లోహము నుండి తక్కువ శక్తితో ఒక ఎలక్ట్రాను అతివాహకపు సరిహద్దు వద్దకు వస్తే ఏమగును? దీనికి 1964లో రష్యా శాస్త్రవేత్త అలెగ్జాండర్ ఆంద్రయేవ్ సమాధానము చెప్పాడు. వ్రతము పీటలపై దంపతులే కూర్చొనవలెనన్న నియమమున్నట్లు, ఇక్కడ జంటకే ప్రవేశము. వచ్చిన ఎలక్ట్రాను లోహము నుండి మరొక ఎలక్ట్రానును తోడు తీసుకొని జంటగా లోపలికి పోతుంది. తోడు వెళ్ళిన ఎలక్ట్రాను విడిచిన ఖాళీ, అనగా హోల్, వచ్చిన దారినే వెనుకకు మరలుతుంది. ఎలక్ట్రాను హోల్‌గా పరావర్తనము చెందే ఈ ప్రక్రియను ఆంద్రయేవ్ పరావర్తనము అంటారు. ఇందులో ఒక్కొక్కసారికి రెండు ఎలక్ట్రానుల ఆవేశము సరిహద్దును దాటుతుంది.

అతివాహకంలోని క్వాసీ కణము కొంత ఎలక్ట్రాను, కొంత హోల్ కలిసిన మిశ్రమము. ప్రత్యేక రకపు అతివాహకాలలో సరిగ్గా సున్నా శక్తి వద్ద ఒక స్థితి ఏర్పడినపుడు ఈ రెండు పాళ్ళు సమానమవుతాయి. ఎలక్ట్రాను పాలును, హోల్ పాలును తారుమారు చేసినా అది అదే స్థితిగా మిగులుతుంది. అనగా తనకు తానే ప్రతికణము. 1937 నాటి మయోరానా భావన ఇక్కడ వేరొక రూపంలో దర్శనమిస్తుంది. ఇది మయోరానా ఊహించిన మూలకణము కాదని, దానిని పోలిన క్వాసీ కణమని పాఠకులు గుర్తుంచుకొనవలెను.

అలెక్సీ కితాయేవ్ 2001లో ప్రచురించిన నమూనా ప్రకారము అట్టి అతివాహక తీగకు రెండు కొనల వద్ద ఒక్కొక్క మయోరానా స్థితి ఉంటుంది. రెండూ కలిసినప్పుడే ఒక పూర్తి ఎలక్ట్రాను స్థితి అవుతుంది. ఒక నోటును రెండుగా చించి ఇద్దరికి ఇచ్చినట్లు, ఏ ఒక్క కొనను చూచినా సమాచారము తెలియదు. ఈ కారణంగా బయటి అలజడులకు చెదరని క్వాంటమ్ కంప్యూటరు నిర్మాణానికి ఇవి ఉపయోగపడగలవని భావిస్తున్నారు.

ఇట్టి కొనకు ఒక సాధారణ లోహపు తీగను తాకించినపుడు పరిక్షేపణము విశిష్టంగా ఉంటుంది. సాధారణంగా సరిహద్దు వద్ద అడ్డుగోడ బలంగా ఉంటే ఆంద్రయేవ్ పరావర్తనము బాగా తగ్గిపోతుంది, ఎలక్ట్రాను ఎలక్ట్రానుగానే వెనుదిరుగుతుంది. కాని మయోరానా స్థితి ఎలక్ట్రానుతోను, హోల్‌తోను సమానంగా ముడిపడి ఉండుటచేత అనునాదము ఏర్పడి, అడ్డుగోడ ఎంత బలమైనదైనను సున్నా శక్తి వద్ద ఆంద్రయేవ్ పరావర్తనము సంపూర్ణంగా జరుగుతుంది. అప్పుడు విద్యుద్వాహకత్వము ఒక నిర్దిష్ట విలువను చేరాలి. ఎలక్ట్రాను ఆవేశపు వర్గాన్ని ప్లాంక్ స్థిరాంకంతో భాగించి రెట్టింపు చేస్తే ఆ విలువ వస్తుంది. ఇది సుమారు 77.5 మైక్రోసీమెన్లు. ఈ విషయాన్ని లా, లీ, ఇంగ్ అను శాస్త్రవేత్తలు 2009లో చూపించారు.

ప్రయోగములు, వివాదము

2010లో రెండు సైద్ధాంతిక బృందాలు అర్ధవాహక నానోతీగను సాధారణ అతివాహకంతో తాకించి, అయస్కాంత క్షేత్రంలో ఉంచితే మయోరానా స్థితులు ఏర్పడతాయని సూచించాయి. దీని ప్రకారము నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ నగరంలో ఇండియం ఆంటిమొనైడ్ తీగలతో ప్రయోగము జరిగింది. 2012లో సున్నా వోల్టేజి వద్ద వాహకత్వములో ఒక శిఖరము కనిపించిందని ప్రకటించారు. అయితే దాని ఎత్తు సిద్ధాంతము చెప్పిన విలువ కంటే చాలా తక్కువ.

2018లో డెల్ఫ్ట్ బృందము సిద్ధాంతము చెప్పిన పూర్తి విలువను చూచితిమని నేచర్ పత్రికలో ప్రచురించింది. 2012 నాటి పత్ర రచయితలలో ఉన్న సెర్గీ ఫ్రోలోవ్, విన్సెంట్ మౌరిక్ మూల దత్తాంశమును తెప్పించుకొని పరిశీలించి అభ్యంతరాలు లేవనెత్తారు. మొత్తము దత్తాంశమును పునఃపరిశీలించగా నిర్ధారణ నిలువలేదు. రచయితలు క్షమాపణ తెలిపి 2021 మార్చిలో ఆ పత్రాన్ని ఉపసంహరించుకొన్నారు. తీగలోని మలినాలు, లోపాల వలన ఏర్పడే సాధారణ ఆంద్రయేవ్ బంధిత స్థితులు కూడా సున్నా వోల్టేజి వద్ద ఇటువంటి శిఖరాన్నే ఇవ్వగలవు. కనుక శిఖరము కనిపించినంత మాత్రాన మయోరానా స్థితి ఉన్నట్లు కాదు.

2025 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ సంస్థ మయోరానా 1 అన్న పేరుతో ఒక క్వాంటమ్ చిప్‌ను ప్రకటించింది. దానితో పాటు నేచర్‌లో వెలువడిన పత్రము మయోరానా స్థితుల ఉనికికి నిదర్శనము కాదని ఆ పత్రిక సంపాదకులే సమీక్షా పత్రాలలో స్పష్టము చేశారు. ఈ అంశముపై శాస్త్రవేత్తల మధ్య భేదాభిప్రాయాలున్నాయి.

తన ఫలితాలను పదేపదే పరీక్షించుకొని, సందేహమున్నచో ప్రచురణకే ఇష్టపడని వ్యక్తి పేరిట ఇంతటి వివాదము జరుగుట గమనింపదగినది.

గుర్తింపు

సిసిలీలోని ఎరీచే పట్టణంలో 1963లో ఇతని పేరిట శాస్త్ర సాంస్కృతిక కేంద్రము స్థాపించబడినది. ఇతని వ్రాతప్రతులు పీసా నగరంలోని దోమూస్ గలిలేయానా సంస్థలో భద్రపరచబడి ఉన్నాయి. భౌతిక శాస్త్రంలోను, సామాజిక శాస్త్రాలలోను గణాంక నియమాల విలువను చర్చించిన ఇతని పదవ వ్యాసాన్ని మిత్రుడు జెంటీలే 1942లో ప్రచురించాడు. మయోరానా సమీకరణము, మయోరానా ఫెర్మియాను, మయోరానా బలము, మయోరానా స్థితి మొదలైన పేర్లతో ఇతడు భౌతిక శాస్త్ర గ్రంథాలలో చిరస్మరణీయుడు.